వరసలో చివరివాడు

కొత్త ఎస్సైకి అదే మొదటి కేసు. బామ్మగారి మెళ్లో గొలుసు ఎవడో తెంపుకుపోయాడు. ఎదురింటికి రంగులు వేస్తున్న పెయింటర్‌ని అదే సాయంత్రం లాకప్‌లో వేశాడు మనవాడు. గొలుసు దొరకలేదు. అయితేనేం, వరసలో నిలబెట్టిన వాళ్లలోంచి బామ్మగారు ఠక్కున పెయింటర్‌నే చూపించారు. ఇంకేముంది, ఎస్సై కాళ్లు నేల మీద నిలవలేదు. ఫైలు పట్టుకుని ప్రాసిక్యూటరమ్మ గదికి పరిగెత్తాడు.

ఆవిడ కళ్లజోడు మీంచి చూసింది. "వరసలో మిగతావాళ్లెవరు నాయనా?"

"మన కానిస్టేబుళ్లే మేడమ్. మఫ్టీలో."

"మేజిస్ట్రేట్ గారు లోపలికి రాగానే వాళ్లేం చేశారు?"

"సెల్యూట్ కొట్టారు మేడమ్."

"అందరూనా?"

"పెయింటర్ తప్ప."

"భేష్! ఆవిడ దొంగని పట్టుకుందా, సెల్యూట్ కొట్టనివాణ్ణి పట్టుకుందా? కోర్టులో అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? మళ్లీ పెట్టించు. ఈసారి దారినపోయేవాళ్లని తీసుకురా. ఆవిడ అతన్ని చూపించకపోతే మర్యాదగా ఇంటికి పంపించెయ్."

పోలీసు పిలిస్తే దారినపోయేవాడు వస్తాడా, చోద్యం కాకపోతే! బతిమాలగా బతిమాలగా నలుగురు దొరికారు. ఇంకొకడు తక్కువ. విసుగెత్తి ఎస్సై తనే మామూలు చొక్కా తొడుక్కుని వరస చివర నిలబడ్డాడు.

పక్కనే పెయింటర్ వణికిపోతున్నాడు. "సార్, మా ఆవిడకి నెలలు నిండాయి. ఇంట్లో ఒక్కతే ఉంది సార్."

"తప్పు చేయనివాడికి భయమెందుకోయ్? కదలకుండా నిలబడు."

మేజిస్ట్రేట్ వెంట బామ్మగారు వచ్చారు. ఒక్కొక్కరినీ ఎగాదిగా చూస్తూ పెయింటర్‌ని దాటేశారు. ఎస్సై దగ్గర ఆగి, చొక్కా పట్టుకుని ఒక్క ఊపు ఊపారు.

"వీడే! ఈ మొహం నేను చచ్చినా మర్చిపోను!"

"అయ్యో బామ్మగారూ, నేనండీ! మీ ఫిర్యాదు రాసుకున్నది నేనే!"

"దొంగ ఏడుపులు ఏడవకు. గొలుసు ఇచ్చెయ్యి!"

గుమ్మం దగ్గర ప్రాసిక్యూటరమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇక చెప్పు నాయనా, ఛార్జిషీటు ఎవరి మీద వేద్దాం?"

నవ్వేద్దామనుకున్న ఎస్సై గోడ పట్టుకుని నిలబడ్డాడు పాపం. తను ఏ తప్పూ చేయలేదని తనకు తెలుసు, అయినా వణుకు ఆగడం లేదు.

పెయింటర్ జాలిగా అతని చెయ్యి పట్టుకున్నాడు. "తప్పు చేయలేదు కదా, భయమెందుకు సార్?"

ఎస్సై సిగ్గుతో తల వంచుకున్నాడు. ఆ పూటే పెయింటర్‌ని తన బండి మీద ఇంటి గుమ్మం దాకా దింపి వచ్చాడు.