కూర్చోబెట్టి తొడిగిన చెప్పులు

ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ రోలరుకు దుప్పట్లు అందించే ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆమె ఆ గదిలో ఒక్కరికే వదిన. భర్త చెల్లెలు మడతల బల్ల దగ్గర పనిచేస్తుంది. ఆడపడుచు రోజుకు నూరుసార్లు రోలరు చప్పుడును మించి "వదినా!" అని అరిచి అరిచి, ఆ పిలుపును గదంతటికీ అంటించేసింది. గేటు దగ్గరి కాపలాదారు నుంచి డాక్టర్ల దాకా ఇప్పుడు ఆమె అందరికీ వదినే.

ఆ గదికి ఎండాకాలం బయటికన్నా నెల ముందే వస్తుంది. ఒక పక్క రోలరు ఆవిరి, ఇంకో పక్క ఆరబెట్టే యంత్రాల సెగ, కింద తడి సిమెంటు నేల. కాళ్ళకు మాత్రం ఏడాది పొడవునా ఆస్పత్రివాళ్ళిచ్చే నల్లబూట్లే. మధ్యాహ్నానికి మేజోళ్ళు పిండితే నీళ్ళు కారేవి. వేళ్ళ సందుల్లో తోలు ఊడేది. ఇంటి చెప్పులు వేసుకుందామంటే, ఎవరో జారిపడ్డారని వాటిని నిషేధించారు. మూడేళ్ళు అర్జీలు పెట్టగా పెట్టగా, ఈసారి వేసవికి గాలాడే చెప్పులు ఇస్తామన్నారు.

అందుకు స్టోర్స్ అధికారి ఇద్దరు కంపెనీవాళ్ళను పిలిపించాడు. లాండ్రీ ఆడవాళ్ళు ముప్పై నాలుగు మందినీ మీటింగు హాల్లో ఏసీ కింద మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టారు. తెల్లపెట్టెల్లో చెప్పులు తెచ్చిన కంపెనీ ఆమె నవ్వుతూ ఒక్కొక్కరి కాళ్ళకూ చెప్పులు తొడిగింది. లోపలంతా స్పాంజి.

"ఎలా ఉందండీ? మబ్బుల మీద నడుస్తున్నట్టు లేదూ?"

ఎవరూ నడవలేదు. అయినా అందరికీ అలాగే ఉంది. నీలంపెట్టె కంపెనీ తరఫున వచ్చిన పెద్దాయనకు మాటకారితనం తక్కువ. ఆయన తెచ్చినవి వెడల్పు పట్టీల చెప్పులు, అడుగు గట్టిగా ఉంది. "మొదటి వారం కాస్త నొక్కుతాయమ్మా. తర్వాత పాదం అచ్చు పడుతుంది" అన్నాడు. నొక్కుతాయని చెప్పి అమ్ముకునేవాణ్ణి ఎవరు నమ్ముతారు? పది నిమిషాల్లో కాగితాలు పంచారు. ముప్పై ఒక్కమంది తెల్లపెట్టెకు టిక్కు, కింద సంతకం పెట్టారు. వదిన అందరికన్నా ముందు పెట్టింది.

చెప్పులొచ్చిన మొదటి వారం గదిలో పండగే. రెండో వారానికి స్పాంజి మడమ దగ్గర అణిగిపోయింది. మూడో వారానికి నేల వేడికి ఒక పక్కకు ఒరిగి, నిలబడితే కాలు తనంతట తనే బయటికి వాలిపోసాగింది. ఆడపడుచు బల్ల పట్టుకుని కుంటుతోంది. వదినకు పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెడితే మడమలో మేకు దిగినట్టుండేది.

ఆమె తిన్నగా స్టోర్స్ అధికారి గదికి వెళ్ళింది. ఆయన చక్రాల కుర్చీలో వెనక్కి వాలి అంతా విన్నాడు. సొరుగు లాగి, కాగితాల కట్ట తీసి, అందులోంచి ఒకటి ఏరి ఆమె ముందు పెట్టాడు.

"ఈ సంతకం ఎవరిదమ్మా?"

"నాదే సార్."

"ఈ టిక్కు?"

"నాదే. కానీ మమ్మల్ని కూర్చోబెట్టి అడిగారు. మేం చేసేది నిలబడే పని కదా?"

"ఆ మాట ఆరోజే అనాల్సింది. మీరే ఎంచుకుని, మీరే బాగాలేదంటే నేనేం చెయ్యను? రేపు ఇంకోటిస్తే అదీ బాగాలేదంటారు."

వదిన బయటికొచ్చేసింది. నిజమే, ఆరోజు లేచి నాలుగడుగులు వేస్తానని అనాలని తనకెందుకు తోచలేదు? చల్లటి గాలికీ, మెత్తటి కుర్చీకీ, ఒకరెవరో వంగి చెప్పులు తొడిగిన మర్యాదకూ ఒళ్ళు మరిచిపోయింది. ఆ సంగతి తలుచుకున్నకొద్దీ ఆయన మీది కోపమూ తన మీది కోపమూ కలిసిపోయి, సాయంత్రం ఇంట్లో గిన్నెలన్నీ దబదబలాడాయి.

"వాటి మీద ఎందుకే? అవేం చేశాయి?" అన్నాడు భర్త. బస్సు డిపోలో మెకానిక్కు.

"మీకేం, మీరు పడుకుని చేస్తారు పని."

"బస్సు కింద పడుకుని చూడు తెలుస్తుంది" అని నవ్వి, అంతలోనే ఆమె కాలు చూసి నవ్వు ఆపేశాడు. "ఆ రెండో కంపెనీ వాళ్ళనడక్కపోయావా?"

మర్నాడు వదిన స్టోర్స్‌లో మూల పడివున్న నీలంపెట్టె మీది నంబరు రాసుకుని ఫోను చేసింది. నాలుగు రోజులకు పెద్దాయన ఆరు జతలు పట్టుకుని వచ్చాడు. చెప్పులిచ్చి వెళ్ళిపోతాడనుకుంటే, వెళ్ళలేదు. తలుపు పక్కన మురికిబట్టల బండి మీద కూర్చుని మధ్యాహ్నం దాకా వాళ్ళ కాళ్ళనే చూశాడు. ఆ గదిలో అంతసేపు గడిపిన బయటి మనిషి ఆయనొక్కడే.

"ఎప్పుడు కూర్చుంటారమ్మా మీరు?"

"అన్నం తినేటప్పుడు, అరగంట. మిగతా ఎనిమిది గంటలూ నిలబడే."

ఆయన మొహం చిట్లించి, సంచిలోంచి మడతలు పడిన కాగితం తీశాడు. "మరి మీ ఆస్పత్రి నుంచి మాకు పంపిన దాంట్లో నాలుగు గంటలని రాశారే? పొడి నేల అని కూడా రాశారు."

వదిన ఆ కాగితం రెండుసార్లు చదివింది. నిలబడి చేసే పని: రోజుకు నాలుగు గంటలు. నేల: పొడి. కింద స్టోర్స్ అధికారి సంతకం. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన సంతకం తనకు చూపించి నోరు మూయించిన మనిషి, అంతకుముందే ఇంత అబద్ధం మీద తన సంతకం పెట్టి కూర్చున్నాడన్నమాట!

"ఈ కాగితం నాకివ్వండి బాబాయ్."

"తీసుకో తల్లీ. కానీ ముందు ఇవి తొడుక్కుని చూడండి. పన్నెండు రోజులు. ఏమనిపిస్తే అది రాయండి, తిట్టాలనిపిస్తే తిట్టండి."

ఆరుగురు తొడుక్కున్నారు. మొదటి మూడు రోజులూ తిట్లే. ఆడపడుచుకు బొటనవేలు పక్కన పొక్కు లేచింది.

"నీ మాట విన్నాను చూడు, నన్ను నేనే అనుకోవాలి! మా అన్నయ్య ఎలా వేగుతున్నాడో నీతో!"

"ఇంకో వారం వేగవే. తర్వాత నా నెత్తిన కొడుదువుగాని."

బట్టల లెక్క చీటీల వెనక ప్రతిరోజూ ఎవరికెక్కడ నొప్పో రాసుకున్నారు. ఎనిమిదో రోజుకు తిట్లు ఆగాయి. పదో రోజున ఆడపడుచు కుంటడం మానేసింది కానీ ఆ మాట ఒప్పుకోలేదు. పన్నెండో రోజుకు నలుగురికి నీలంపెట్టెవి కుదిరాయి. వేలి ఎముక పొడుచుకొచ్చిన ఒకామెకూ, పాదం బాగా చదునుగా ఉన్న ఇంకొకామెకూ అవి పడలేదు. ఉన్నది ఉన్నట్టే రాసింది వదిన.

ఆస్పత్రి సూపరింటెండెంటు పెద్ద డాక్టరమ్మ. నెలవారీ సమావేశంలో ఆమె ముందు వదిన చీటీలు పరిచి, అణిగిపోయిన తెల్లపెట్టె జత ఒకటి వాటి పక్కన పెట్టింది.

"బల్ల మీద చెప్పులేంటమ్మా!" అన్నాడు స్టోర్స్ అధికారి.

"కడిగి తెచ్చాను సార్. ఎక్కడ అణిగాయో మీరు చూడాలిగా, కింద పెడితే వంగాల్సొస్తుంది మీరు." తర్వాత ఆ మడతల కాగితం డాక్టరమ్మ చేతికిచ్చింది. "మేడమ్, మేం నాలుగు గంటలు నిలబడతామని ఎవరు చెప్పారో అడగండి. మా నేల పొడిగా ఉంటుందని ఎవరు చూశారో అడగండి."

డాక్టరమ్మ కళ్ళద్దాలు సవరించుకుని ఆయన వైపు చూసింది.

"అది... ఒక అంచనా మేడమ్. విరామాలవీ తీసేస్తే..."

"ఏ విరామాలు?" వదిన గొంతు పెరిగింది. "ఒక్కసారి ఆ గుమ్మం లోపలికొచ్చారా సార్ మీరు? తప్పు కాగితం పంపించి, ఆ కాగితానికి తగ్గ చెప్పులు తెప్పించి, మీరే ఎంచుకున్నారని నా సంతకం నాకే చూపిస్తారా? ఈ కాగితం దొరికేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను!"

డాక్టరమ్మ చీటీలు ఒక్కొక్కటే చదివి, "ఈ ఇద్దరికీ పడలేదని నువ్వే రాశావా?" అంది.

"పడలేదు కాబట్టి రాశాను. ముప్పై నాలుగు జతల కాళ్ళకు ఒకటే రకం ఎందుకు మేడమ్? రెండూ పన్నెండేసి రోజులు పనిలో తొడుక్కుని, ఎవరికి కుదిరింది వాళ్ళని తీసుకోనివ్వండి."

అలాగే జరిగింది. కాకపోతే కొత్త జతలు చేతికొచ్చేసరికి ఎండలు సగానికి పైగా గడిచిపోయాయి. వచ్చిన రోజునే నోటీసు బోర్డు మీద స్టోర్స్ అధికారి ఫొటో వెలిసింది, చేతిలో నీలంపెట్టె చెప్పుతో. సిబ్బంది సౌకర్యం కోసం ఆయన తీసుకున్న ప్రత్యేక చొరవకు అభినందనలట.

ఆడపడుచు అది చదివి పళ్ళు నూరింది. "చింపి పారెయ్యనా వదినా?"

"ఉంచు. ముందు నాకింకో పనుంది."

వదిన ఆయన గదికి వెళ్ళి, ఫొటో ఊసెత్తకుండా, లాండ్రీ కాగితం అసలు ప్రతి తీయమంది. ఆయన విసుక్కుంటూ తీశాడు. నాలుగు కొట్టేసి ఎనిమిది రాసేదాకా, పొడి కొట్టేసి తడి అని రాసేదాకా, పక్కన సంతకం పెట్టేదాకా ఆమె అక్కణ్ణించి కదల్లేదు.

"ఇప్పుడైనా చల్లబడ్డావా?" అన్నాడాయన.

ఆమె సంతకం సరిచూసుకోడానికి వంగింది. ఫైల్లో ఆ కాగితం కింద ఇంకొకటి కనబడింది. వంటగది సిబ్బంది అని పైన రాసివుంది. నిలబడి చేసే పని: రోజుకు నాలుగు గంటలు. అదే చేతిరాత.

రోలరు వేడెక్కే వేళయింది. అయినా వదిన లాండ్రీ వైపు తిరగకుండా, వరండా చివర వంటగది గుమ్మంలోకి వెళ్ళి, పెద్ద గంగాళం ముందు చెమటలు కక్కుతున్న వంటామెను కేకేసింది.

"అక్కా, రోజుకు ఎన్ని గంటలు నిలబడతావు నువ్వు?"

"ఇప్పుడదెందుకే తల్లీ, మాడిపోతుందిక్కడ!"

"మాడితే మాడనీ. చెప్పు. రాసుకుంటాను."