కండెలు చుట్టే పని

శేషప్ప నా మొగుడు. ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. కాలికి తుమ్మముల్లు దిగి, చీము పట్టి, పాదం నల్లబడితే బండి కట్టించుకుని ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాం. మోకాలి దాకా తీసేస్తే బతుకుతాడన్నారు.

ఆ పొద్దున గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "తీసేయమంటానే. మగ్గం తొక్కలేకపోతే పోనీ, కూసోని మగ్గానికి నూలు కండెలు సుట్టుకుంటా. నాకు బతకాలనుంది," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

అంతలో మా బావ పెద్దయ్య వచ్చాడు. నా మొగుడికి అన్న, ఇంటికి పెద్ద. డాక్టరుకు చేతులు జోడించి, "వద్దు సామీ. ఒంటికాలోన్ని ఇంట్లో కూసోబెట్టి ఎవురు సాకాల? పోయేవాడు నిండు మనిషిగా పోనీ," అన్నాడు. తమ్ముడు మంచం మీద వింటూనే ఉన్నాడు. ఆ నోట్లో మన్నుపడ!

మద్రాసులో చదివొచ్చిన డాక్టరు ఒప్పుకోలేదు. "నిన్ను అడగలేదయ్యా. కాలు అతనిది, అతనే చెప్పాలి," అని నా మొగుడి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. తీయమంటావా, వద్దా?"

శేషప్ప డాక్టరును చూడలేదు. అన్న మొహం చూశాడు.

"మా అన్న మాటే నా మాట," అన్నాడు.

డాక్టరు మరో రెండుసార్లు అడిగి, అదే రాసుకున్నాడు. అన్నను బయటికి పంపి అడగాలన్న బుద్ధి అంత చదివిన తలకు పుట్టలేదు. నేనా? బావ ఎదుట తమ్ముడి పెళ్లాం నోరెత్తడం మా ఇంట్లో లేదు. కొంగు నోట్లో కుక్కుకుని గోడ పక్కన నిలబడ్డాను. నాలుగో రోజు శేషప్ప పోయాడు.

మూడేళ్లకు పెద్దయ్య కాలు కుళ్లింది, చక్కెర జబ్బు. అదే ఆసుపత్రి, అదే డాక్టరు, అదే ప్రశ్న. ఇంటిపెద్దకు ఇంకొకరి మొహం చూడాల్సిన ఖర్మేముంది? "తీసేయి సామీ, బిరీన తీసేయి," అన్నాడట.

ఇప్పుడు అరుగు మీద కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుడుతున్నాడు. నూలు చిలపలు అందించేది నేనే. మొన్న నవ్వుతూ, "సూడు రుద్రమ్మా, కండెలు సుట్టేదానికి కాలుతో పనేముంది!" అన్నాడు.

చిలప కింద పెట్టేశాను. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి అతని మొహంలోకి చూశాను.

"ఆ మాట నా మొగుడు ఆ పొద్దున్నే అన్నాడు బావా. బతకాలనుంది అన్నాడు."

రాట్నం ఆగలేదు.

"అట్లయితే ఆడ సెప్పుండాల్సింది కదమ్మా," అన్నాడు. "నేనేమన్నా వాని నోరు పట్టుకున్నానా?"