రెండు నంబర్లు తక్కువ

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా పళ్లు రాలిపోవాలి. ఏ పళ్లు అని నవ్వకు, ఇంకా రెండున్నాయి, ఆ రెండింటి మీదే ఒట్టు. గోరంతలు కొండంతలు చేసే అలవాటు నాకు పుట్టాక లేదు. కొండని కొండంత అని చెప్పడం తప్పయితే చెప్పు, ఇక్కడే ఆపేస్తాను.

రెండు గదుల ఇల్లు, నలుగురు మనుషులు. పొద్దున అయిదింటికి అందరికంటే ముందు లేచేది కండక్టరమ్మ. సిటీ బస్సులో టికెట్లు కొట్టే ఉద్యోగం ఆమెది, పంతొమ్మిదేళ్లుగా. పొయ్యి వెలిగించడం, నీళ్లు పట్టడం, యూనిఫాం ఇస్త్రీ చేసుకోవడం, అన్నీ చప్పుడు కాకుండా చేసేది. ఎందుకంటే ముందు గదిలో గోడ పొడుగూతా అత్తగారి మంచం. ఆ మంచం మీద ఒక బస్సు జనాన్ని పడుకోబెట్టి, ఇంకో పదిమందిని నిలబెట్టి తీసుకెళ్లొచ్చు. మంచానికీ బీరువాకీ మధ్య జానెడు సందు. వంటింట్లోకి పోవాలంటే కండక్టరమ్మ పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి నడిచేది. మంచం కాస్త జరపమని ఆమె ఏనాడూ అడగలేదు. అత్తగారికి ఏనాడూ తోచలేదు.

మొగుడు త్రాసులు బాగుచేస్తాడు. కొట్ల వాళ్లు తెచ్చిచ్చిన కాటాలు విప్పి, తుడిచి, ముల్లు సరిచేసి ఇస్తాడు. గ్రాము తేడా వస్తే ఆ పూట అన్నం సయించదు. ఊళ్లో ఏ త్రాసు ఎంత మోసం చేస్తుందో కంఠతా చెబుతాడు గానీ, పెళ్లాం చెప్పుల నంబరు మాత్రం తెలియదు. నాలుగో మనిషి అతని చెల్లెలు. జిరాక్సు షాపులో పని, అందుకే అందరికీ జిరాక్సు పిల్ల. ఇంట్లోకి ఏం కావాలన్నా ఫోనులో చైనా దుకాణాల నుంచి తెప్పించేది. వచ్చేది ముప్పై రెండు రోజులకి. అన్ని రోజులూ వాకిట్లో నిలబడి దారి చూసేది. గుమ్మం దగ్గర నేల గుంట పడింది, కావాలంటే చూపిస్తాను.

ఒకరోజు డిపోలో కండక్టర్లంతా నల్లబూట్లు వేసుకోవాలన్నారు.

"వదినా, నీ నంబరెంత?"

"ఆరు."

జిరాక్సు పిల్ల సైజుల పట్టిక తీసింది. మన ఆరంటే ఒక వరుసలో ముప్పై తొమ్మిది, చైనా వాళ్ల వరుసలో రెండు వందల నలభై అయిదు, అంటే పాదం పొడుగు మిల్లీమీటర్లలో. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. చైనా సైజులు మనవాటికంటే చిన్నవని ఎక్కడో విన్నది. చిన్నవైతే పెద్దది తెప్పించుకోవాలని చదువులేని నాకే తెలుసు. అది చదువుకున్న పిల్ల కదా, లెక్క వేసింది. వాళ్లవి చిన్నవి కాబట్టి రెండు నంబర్లు తగ్గించాలంది. ముప్పై ఏడు తెప్పించింది.

బూట్లు వచ్చాయి. మడమ లోపలికి పోలేదు.

"అయ్యో వదినా, తిప్పి పంపనా?"

"మళ్లీ అన్ని రోజులు ఎవరు చూస్తారు అమ్మాయీ? పర్లేదు, సర్దుకుంటాను."

సర్దుకుంది. తెల్లారేసరికి పాదాలు సెంటీమీటరు తగ్గి, బూట్లలో చక్కగా కూర్చున్నాయి. "సరిపోయాయా?" అన్నాడు మొగుడు, త్రాసులోంచి తలెత్తకుండానే. "సరిపోయాయి," అంది ఆమె. "మంచి ఒళ్లు. ఒక్క వస్తువు దండగ కానివ్వదు," అంది అత్తగారు మంచం మీంచి. అంతే. ఎవరి పనికి వాళ్లు పోయారు.

చైనా బట్టలకి మెడ దగ్గర చిన్న గుడ్డముక్క ఉంటుంది. ఆ బట్ట ఎంత ఎత్తు మనిషికో దాని మీద సెంటీమీటర్లలో రాసి ఉంటుంది. కండక్టరమ్మ ఎత్తు నూట అరవై మూడు. జిరాక్సు పిల్ల లెక్క ప్రకారం స్వెట్టరు నూట యాభై అయిదుది వచ్చింది. వారం తిరక్కుండా కండక్టరమ్మ నూట యాభై అయిదయింది. ఈ సంగతి వీధిలో తెలిసింది. ఎదురింటి టీచరమ్మకి బిగుతైన జాకెట్టు, మేడ మీది నర్సుకి పట్టని చొక్కా, ఎవరింట ఏ పొట్లం తప్పుగా వచ్చినా నేరుగా ఆ ఇంటికే చేరేది.

"పారెయ్యడమెందుకండీ, కండక్టరమ్మకివ్వండి. ఆమె సర్దుకుంటుంది."

ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇచ్చారు. ఆమె మంచి మనసుతోనే తీసుకుంది. నూట యాభై, నూట నలభై. చివరికి నర్సు కూతురి కోసం తెప్పించిన రెయిన్‌కోటు వచ్చింది, నూట ముప్పైది. ఆ పిల్ల అప్పటికే దాన్ని దాటి ఎదిగిపోయింది. ఒక వానరోజు కండక్టరమ్మ దాన్ని తొడుక్కుని డ్యూటీకి వెళ్లింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం గొళ్లెం ఆమె నుదుటి దగ్గరుంది.

జిరాక్సు పిల్ల భయపడి అప్పటికే నూట డెబ్భై అయిదుది ఖాకీ చొక్కా, ప్యాంటు తెప్పించి ఉంచింది, వదిన మళ్లీ పెరుగుతుందేమోనని. ఏం లాభం! బిగుతైతే ఒళ్లు తగ్గింది గానీ, వదులైతే ఒళ్లు పెరగలేదు. నాలుగు మడతలు పెట్టి, నలభై పిన్నీసులు గుచ్చుకుని, ఆ ఖాకీలోనే డ్యూటీకి పోయేది.

బస్సులో జనం వంగి టికెట్టు తీసుకునేవారు, వంగి చిల్లర ఇచ్చేవారు. ఇదేమిటమ్మా అని ఒక్కరూ అడగలేదు. కానీ ఆమెకి గంట తాడు అందలేదు.

ఆ తాడు సంగతి చెప్పాలి నీకు. బస్సు పైకప్పు కింద ముందు నుంచి వెనక దాకా ఉంటుంది. ఒక గంట కొడితే బస్సు ఆగాలి, రెండు కొడితే కదలాలి. ఇంట్లో ఆమె మాటకి పిల్లి కూడా కదలదు. ఆ తాడు లాగితే మాత్రం అరవై మంది, ఆరు చక్రాలు, మీసాల డ్రైవరు, అంతా కదిలేవారు. పంతొమ్మిదేళ్లలో ఆమె తనకంటూ ఉంచుకున్నది అదొక్కటే. ఇప్పుడు తాడు కింద నిలబడి, "బాబూ, కాస్త గంట కొడతారా?" అని పొడుగువాళ్లని అడుగుతోంది.

డిపో పెద్దాయన పిలిపించాడు. చెడ్డవాడేం కాదు. కుర్చీలోంచి లేచి, నేల మీద గొంతుక్కూర్చుని మరీ మాట్లాడాడు.

"చూడమ్మా, గంట కండక్టరే కొట్టాలి. సోమవారం పొద్దున నేనొచ్చి చూస్తాను. రెండు పాదాలూ నేల మీద ఆనించి తాడు లాగితే సరే. లేదంటే టికెట్ల సంచి అప్పజెప్పి, జనం బస్సుల్లో మర్చిపోయిన గొడుగుల గదికి వెళ్లిపో. అక్కడ అన్నీ అరలు. నీకు చోటు ఇబ్బంది ఉండదు."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పి, "పర్లేదులే," అని నవ్వింది కండక్టరమ్మ. జిరాక్సు పిల్లకి నవ్వు రాలేదు. గొడుగుల గదికి పోతే వదిన ఏదో ఒక అరలో సర్దుకుంటుంది. మొదట పెద్ద గొడుగంత, తర్వాత మడత గొడుగంత. ఆ తర్వాత ఎవరు వెతికినా కనబడదు. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకి వీధిలో కుళాయిలకి సిగ్గేసింది. ఏడ్చి, ముక్కు చీది, బూట్లు పంపిన చైనా దుకాణం ఆవిడకే ఫోనులో రాసింది, మా వదినకి ఏ సైజు తెప్పించాలో చెప్పండి అని. ఆవిడ రాసిన చైనా మాటల్ని ఫోను తెలుగులోకి మార్చి చూపించింది. ఫోను తెలుగు నీకు తెలిసిందే, శిలాశాసనంలా ఉంటుంది.

"ప్రియమైన వినియోగదారు. మీ వదిన యొక్క సంఖ్య మాకు వద్దు. సంఖ్య బూటుది. పాదము ఎంత?"

"మా వదిన పాదం ఏది ఇస్తే అంత అవుతుందండీ."

 జవాబు వచ్చింది.

"అయితే ఏమియు ఇవ్వక కొలువుము. సాయంత్రము, పని ముగిసిన పిదప. కాగితము మీద నిలువవలెను. మడమ గోడకు ఆనవలెను. పెన్సిలు నిలువుగా పట్టవలెను, లోపలికి వంచరాదు. ఎంత ఉండవలెనో ఎవ్వరును చెప్పరాదు."

ఆదివారం సాయంత్రం కండక్టరమ్మ డ్యూటీ దిగి వచ్చింది. జిరాక్సు పిల్ల షాపు నుంచి పెద్ద కాగితం తెచ్చింది. మొగుడు స్టీలు స్కేలు తెచ్చాడు. అంతా ఉంది, గోడే లేదు. ఒక గోడకి బీరువా, ఒక గోడకి నీళ్ల డ్రమ్ములు, ఒక గోడంతా గుమ్మం, కిటికీ. నాలుగో గోడకి మంచం. మడమ ఆనించడానికి బెత్తెడు గోడ లేని ఇల్లు అది.

"బీరువాకి ఆనిస్తానులే అమ్మాయీ," అంది కండక్టరమ్మ. "ఆ సందులో సర్దుకుంటాను."

ఆ మాట అత్తగారు ఇరవై ఏళ్లలో లక్షసార్లు వినుంటుంది. లక్ష తక్కువే. ఆ సాయంత్రం ఎందుకో అది ఆవిడ చెవిలోంచి కిందికి దిగి, ఎక్కడో గుచ్చుకుంది. సందు వంక చూసింది. ఆ సందులో పిన్నీసులతో నిలబడ్డ కోడలి వంక చూసింది. మంచం దిగింది.

"ఏంటమ్మా, ఏం కావాలి?" అన్నాడు కొడుకు.

"నువ్వు అడ్డం లే."

మంచం పట్టె పట్టుకుని ఆవిడే గుమ్మం వైపు తోసింది. అది నేలని గీరుకుంటూ చేసిన చప్పుడు మూడు వీధుల అవతలికి వినబడింది. మంచం వెనకాల గోడ ఇరవై ఏళ్ల కిందటి రంగులో, కొత్తగా ఉంది. కింద దుమ్ము, విరిగిన దువ్వెన, పాత టికెట్లు, ఒక జత చెప్పులు. ఆ చెప్పుల్ని అత్తగారు గుర్తుపట్టింది. కోడలు ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు తనే కొనిపెట్టింది. అడగకుండా, అందాజుగా. ఆరో నంబరు. దులిపి చేతిలో పట్టుకుంది.

"వీటికి ముందు నీ నంబరెంత?"

కండక్టరమ్మ తన బూట్ల వంక చూసుకుంది. "గుర్తులేదత్తయ్యా."

గోడ దగ్గర కాగితం పరిచారు. ఆమె బూట్లు విప్పి, మడమలు ఆనించి నిలబడింది. జిరాక్సు పిల్ల మోకాళ్ల మీద కూర్చుని పెన్సిలు నిలువుగా పట్టుకుంది.

"ఎంత ఉండాలి అమ్మాయీ?" అంది కండక్టరమ్మ మెల్లగా.

"ఎంతుంటే అంత వదినా."

"అదే. ఎంత?"

 అత్తగారు నోరు తెరిచింది, మళ్లీ మూసేసింది. ఆ నోరు దానంతటది మూసుకోవడం ఆ ఇంటి గోడలు చూడటం అదే మొదటిసారి. కండక్టరమ్మ కిందికి చూసింది. ముందు బూటు లేదు, పక్కన బీరువా లేదు. తెల్ల కాగితం, దాని ముందు ఖాళీ నేల.

బొటనవేలు కొంచెం కదిలింది.

పెన్సిలు మడమ దగ్గర మొదలై వేళ్ల దాకా వచ్చేసరికి వేళ్లు ముందుకి జరిగాయి. మళ్లీ గీసింది, మళ్లీ జరిగాయి. మొగుడు నేల మీద బోర్లా పడుకుని స్కేలు చూస్తున్నాడు. "రెండు వందల పది... ఇరవై అయిదు... నలభై."

"నలభై అయిదొచ్చింది అన్నయ్యా! ఆరో నంబరు! రాసెయ్యనా?"

"ఆగవే. ముల్లు నిలబడేదాకా తూకం చదవకూడదు."

నలభై ఎనిమిది. యాభై. పిన్నీసులు ఒక్కొక్కటే ఊడి నేల మీద పడుతున్నాయి. ఎవరూ పైకి చూడలేదు, అందరి కళ్లూ కాగితం మీదే. రెండు వందల యాభై అయిదు దగ్గర గీత నిలబడింది. అతను మూడుసార్లు చదివాడు. నాలుగోసారి కళ్లు తుడుచుకుని చదివాడు. అప్పుడు పైకి చూశారు. ఖాకీ చొక్కా చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. కండక్టరమ్మ తల బల్బుకి తగిలి, గదిలో అందరి నీడలూ ఊగుతున్నాయి.

"అయితే ఆరు నాది కాదన్నమాట," అంది ఆమె.

అత్తగారు ఆ పాత చెప్పుల్ని తీసుకెళ్లి బయట పడేసి వచ్చింది. మంచాన్ని మళ్లీ గోడకి చేర్చనివ్వలేదు.

సోమవారం పొద్దున కండక్టరమ్మ మొగుడి నల్లబూట్లు వేసుకుని వెళ్లింది. అతను స్నానాల గదిలో తిరిగే రబ్బరు చెప్పులతో పనికి పోయాడు, తల ఎత్తుకుని మరీ. డిపో పెద్దాయన బస్సెక్కి, ఆమె పాదాల వంక చూశాడు. రెండూ నేల మీదే ఉన్నాయి. ఆమె చెయ్యెత్తి తాడు అందుకుని రెండుసార్లు లాగింది. ఆ గంటకి ఆ బస్సే కాదు, డిపోలో చక్రాలున్నవన్నీ కదిలాయి. టీ బండి కూడా.

నేను చూశానా అంటావా? చూడకుండా చెబుతానా! మంచం జరిపి జరిపి నా నడుము పట్టేసింది, లేకపోతే రోజూ ఆ బస్సులోనే తిరిగేదాన్ని.

సరే, కబుర్లు చాలు. అదిగో, కిటికీలో పొట్లం ఉంది చూడు. ఇవాళే వచ్చింది, బూట్ల జత, రెండు వందల యాభై అయిదుది. నువ్వెలాగూ ఆ బస్సుకే పోతావు కదమ్మా, నా కోడలి చేతికివ్వు. సరిపోకపోతే తిప్పి పంపేద్దామని అత్తయ్య చెప్పిందని చెప్పు. ఎన్ని రోజులైనా చూద్దామని చెప్పు. ఇంకొక పని. వచ్చేటప్పుడు జిరాక్సు షాపులో ఆగి, ఒక పెన్సిలూ ఒక కాగితమూ పట్టుకురా. నా పాదాన్ని కూడా ఇంతవరకూ ఎవరూ కొలవలేదు. కాగితం కాస్త పెద్దది అడుగు.