ఎడమచేతి కాజా

అక్క కనపడకుండా పోయినప్పటి నుంచీ బావ రోజూ టైలరు దుకాణానికొచ్చి బెంచీ మీద తిష్ఠ వేస్తున్నాడు.

"నువ్వే దాచావురా బావమరిదీ. ఎప్పటికైనా నోరు జారకపోతావా!"

బావ చెయ్యి ఎంత బరువో టైలరు తన అక్క బుగ్గ మీద చూసే ఉన్నాడు. దాచింది మాత్రం తను కాదు. అసలు అక్క ప్రాణాలతో ఉందో లేదో కూడా తెలియదు. ఈ మనిషే ఏదో చేసి, పైకి వెతుకుతున్నట్టు నాటకమాడుతున్నాడేమోనన్న అనుమానం లోలోపల పీకుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం ఒక నర్సమ్మ చొక్కా తెచ్చింది. "మా ఆయనది. భుజాలు వదులయ్యాయి, కాస్త పట్టెయ్యి బాబూ."

చొక్కా బల్ల మీద పరిచాడు. గుండీ పెట్టే కాజా మీదికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. కుట్టు మామూలు వైపు కాకుండా ఎదురు నడిచింది. చివర నూకగింజంత ముడి. ఎడమచేతివాటం అక్కది. తనకి సూది పట్టడం నేర్పిన అక్కది. దారం ఇంకా కొత్తగా మెరుస్తోంది.

ఉంది. అక్క బతికే ఉంది.

"కాజాలు చిరిగిపోతే ఒకావిడ చేత్తో కుట్టిచ్చింది" అంది నర్సమ్మ. "భుజాలకి మిషను కావాలట. ఆవిడ ఎక్కడుంటుందంటే..."

బావ తలెత్తాడు.

"ఎక్కడుంటే నాకెందుకమ్మా!" టైలరు కసిరాడు. "ఇంత మోటుగా కుట్టినావిడ అడ్రసు నేనేం చేసుకోను?"

ఆ అడ్రసు కోసమే ఇన్నాళ్ళూ అతనికి కంటి మీద కునుకు లేదు.

బావ చొక్కా లాక్కుని తిప్పి చూశాడు. ఏళ్ళ తరబడి అలాంటి కాజాలకే గుండీలు పెట్టుకున్న మనిషి. "బాగానే ఉందిగా! కుళ్ళురా నీకు" అని నవ్వి, బల్ల మీదికి విసిరేశాడు.

సాయంత్రం బావ ఇంటికెళ్ళిపోయాక నర్సమ్మ మొహం ముడుచుకుని వచ్చింది.

"అంత మాటన్నావేం? ఈ దుకాణానికే తీసుకెళ్ళమని మరీ మరీ చెప్పిందయ్యా. బెంచీ మీద ఎవరైనా ఉంటే నోరు విప్పొద్దని కూడా చెప్పింది. నా మతిమరుపు మండిపోనూ!"

టైలరు కాసేపు కత్తెర వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు. కత్తెర చేతిలోనే ఉంది.

"వేళకింత తింటోందా?"

"తింటోంది. నవ్వుతోంది కూడా. ఎక్కడుందో చెప్పనా?"

నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేశాడు. "వద్దమ్మా. తెలిస్తే నా మొహమే బావకి పట్టిచ్చేస్తుంది. చొక్కా భుజం లోపలి కుట్టు మాత్రం ఆవిడకి చూపించండి."

అక్కడ ఒక ముడి ఉంది. అతను ఎడమచేత్తో వేసింది. ఎంత వంకరగా వచ్చిందంటే, అక్క చూసిందంటే వెక్కిరించకుండా ఉండలేదు.