పక్కా రంగు

వెంకటరత్నమ్మ చేతిగుడ్డను సబ్బునీళ్ళలో ఉడకబెడుతోంది. మచిలీపట్నంలో ఆదినారాయణ మిఠాయి దుకాణం వెనక వంటశాలలో, పదహారేళ్ళుగా పొద్దున్నే ఆమె మొదటి పని ఇదే. ఆ తర్వాతే శనగపిండి, పాకం, బూందీ. నూనె చిట్లి కుడి మణికట్టంతా మచ్చలు. లడ్డూలు కట్టీ కట్టీ వేళ్ళు వంకరపోయాయి. ఆమె చేతి లడ్డూ ఎంత పేరు పడ్డా, ఆమె పేరు మాత్రం దుకాణం ముందు ఎవరికీ తెలియదు.

గుడ్డను పుల్లతో పైకి తీసి, పిండి, విదిలించింది. అరచేయంత నారింజ మరక. నిన్న ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉంది.

"పక్కా రంగు!" అంది తనలో తనే, మెచ్చుకోలుగా.

అది మొగుడి మాట. పెడనలో సుబ్రహ్మణ్యం అద్దకం పని చేసేవాడు. బట్టను తొట్టిలోంచి తీసి, కాలవలో ఉతికి, రంగు చెక్కుచెదరకపోతే రొమ్ము విరుచుకుని ఆ మాట అనేవాడు. తొమ్మిది రోజుల కిందట కొత్త రంగు వచ్చాక వెంకటరత్నమ్మ కూడా ఆదినారాయణతో అలాగే అంది. చిటికెడేస్తే చాలు, చేతికంటితే మూడు రోజులు పోవడం లేదు, మంచి సరుకు తెచ్చారండీ అని.

గుడ్డను తీగ మీద ఆరేస్తూ ఉండగా ఆమె చెయ్యి ఆగిపోయింది. పాత రంగు రెండుసార్లు జాడిస్తే పోయేది. బట్ట మీద రంగు పోకూడదు, నిజమే. తినేదాంట్లో రంగు పోకపోవడం ఏమిటి?

గబగబా లోపలికెళ్ళి రంగు డబ్బా మూత తీసింది. డబ్బా ఎప్పటిదో పాతది, కంపెనీ బొమ్మ సగం చెరిగిపోయింది. లోపల ముడివేసిన ప్లాస్టిక్ సంచి. దాని మీద పేరు లేదు, ఊరు లేదు, తినొచ్చో లేదో చెప్పే ముక్క ఒక్కటీ లేదు. ఆమె ఒళ్ళు మండిపోయింది. ఆదినారాయణ మీద సగం, తన మీద సగం.

సుబ్రహ్మణ్యానికి తొట్టి నీళ్ళు నాలిక కొసతో చూసే అలవాటు. చెట్ల వేళ్ళూ పటికా మరిగించి రంగు తీసే రోజుల్లో పెడనలో అందరూ అలాగే చూసేవాళ్ళు. తర్వాత పొడి రంగులొచ్చాయి. తొట్టి మారింది కానీ నాలిక మారలేదు. చివరి ఏడాది అతనికి మూత్రంలో నెత్తురు పడింది. "రంగుల పనా?" అని అడిగి డాక్టరు చీటీలో రాసుకున్నాడు. అప్పుడు ఎవరిని తిట్టాలో ఆమెకు తెలియలేదు.

ఆదినారాయణ వచ్చేసరికి సంచి పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఇదెక్కడిదండీ?"

"డబ్బా మీద ఉందిగా."

"అది డబ్బా సంగతి. ఈ మూట ఎక్కడిది?"

"పెడన నుంచే తెప్పించా. మీ ఊరి సరుకే. బాగుందని నువ్వేగా అన్నావు, రత్నమ్మా!"

"అన్నానండీ, బుద్ధి లేక! బట్టలకేసే రంగిది. పిల్లల కడుపులేమన్నా చీరలా, అద్దకం వేయడానికి?"

"తొమ్మిది రోజుల్లో ఎవడన్నా చచ్చాడా? రంగు లేకపోతే పాసిపోయిందంటారు. పదకొండింటికి గుడివాడ బడి వ్యాన్ వస్తుంది. ఆరువందల లడ్డూలు. నోరుమూసుకుని కలుపు" అని అతను ముందు కొట్టులోకి పోయాడు.

ఆమె కలపలేదు. సంచి బొడ్లో దోపుకుని ఉత్త శనగపిండితో బూందీ వేసింది. వంటశాలలో పక్కన పనిచేసే ఇద్దరాడవాళ్ళూ బిక్కమొహాలు వేసి ఆమెతోపాటు లడ్డూలు కట్టారు. పళ్ళేల నిండా లేతపసుపు లడ్డూలు చూసి ఆదినారాయణ కళ్ళెర్రజేశాడు.

"సంచి ఇటివ్వు. నీళ్ళలో కలిపి పైన చల్లిస్తాను."

"ఇవ్వను. తిండి తనిఖీ చేసే ఆఫీసుకి పట్టుకెళ్తున్నా."

"వేసింది నువ్వు. ముందు నీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనివ్వండి. తొమ్మిది రోజులు నా చేతులతోనే పెట్టాను. నా పేరు కూడా రాసుకోమంటాను."

"అయితే మళ్ళీ ఈ గడప తొక్కకు!"

ఆమె చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో నారింజ రంగు అలాగే ఉంది. పదహారేళ్ళు పనిచేసిన చోటు నుంచి పెరటి తలుపు దగ్గరకు వేసి వెళ్ళిపోయింది.

పదకొండింటికి వ్యాన్ వచ్చింది. లడ్డూలు చూసి బడి నుంచి వచ్చిన కుసుమ టీచరు, "రంగు వేయలేదాండీ?" అంది. ఆదినారాయణ రెండు చేతులూ జోడించి, "చిన్నపిల్లలు కదమ్మా. నేనే దగ్గరుండి రంగు లేకుండా చేయించాను" అన్నాడు. "ఎంత మంచివారండీ మీరు!" అందావిడ.

పెరట్లో తీగ మీద చేతిగుడ్డ ఆరిపోయింది. ఎండకు గుడ్డంతా తెల్లబడింది, అరచేయంత మరక తప్ప.