కొంగున కట్టిన ఆకలి

తిమ్మమ్మ పొద్దున్నే చేసే పనులు మూడు. వాకిలి ఊడ్చడం, మేకకు ఆకు వేయడం, తన ఆకలిని కొంగున ముడేసుకోవడం. ఆ మూడో పనికి చీపురూ అక్కర్లేదు, బకెట్టూ అక్కర్లేదు. కొంగు కొసతో పొట్ట మీద ఓసారి తుడిచినట్టు రాసి, గట్టిగా ముడేసి నడుములో దోపుకునేది. ఇక పొద్దుగూకి ఇంటికొచ్చి ఆ ముడి విప్పేదాకా ఆమెకు తిండి మాటే గుర్తుకు రాదు. విప్పిందంటే మాత్రం మూడు జొన్నరొట్టెలూ, ఉల్లిగడ్డా, ఇంత కారమూ ఎదురుగా ఉండాలి. ఎప్పుడో కరువులో తన వంతు పిల్లలకు మిగలాలని నేర్చుకున్న పని అది. తిమ్మాజిపేట అవతలి ఆ ఊళ్ళో దాన్ని వింతగా చూసేవాళ్ళెవరూ లేరు. కూలికి పిలిచేవాళ్ళు "తిమ్మమ్మకు సద్ది పని లేదు" అనుకునేవాళ్ళు, అంతే.

కోడలు పద్మజకు మాత్రం రోజంతా తిండి గొడవే. తన తిండి కాదు, కూతురిది. సౌందర్యకు మూడేళ్ళు నిండాయి, తూకం చూస్తే ఆరున్నర కిలోలు. హైదరాబాదు పిల్లల దవాఖానలో ఆ ఎదుగుదల జబ్బుకు నోరు తిరగని పేరొకటి చెప్పారు. లక్షమందిలో ఒకరికి వస్తుందట. ఆ ఒకరు మా ఇంట్లోనే ఎందుకు పుట్టారని పద్మజ అడిగితే డాక్టరు కాగితాల వైపు చూశాడు. పిల్ల పెరగదు, దానికి ఆకలి కాదు. చెంచాతో పోస్తే అటూ ఇటూ చూసి ఉమ్మేస్తుంది. తినడమనేది ఒకటి ఉంటుందని ఎవరో ఆ పిల్లకు చెప్పడం మరిచిపోయినట్టు ఉండేది. అందుకే ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి పంపించారు.

మూడు గంటలకోసారి పాలు పోయాలి. ముందుగా సిరంజితో గొట్టంలోంచి కాస్త లాగి చూడాలి. పుల్లటి వాసనతో నీళ్ళొస్తే గొట్టం పొట్టలో ఉన్నట్టు. రాకపోతే ఒక్క చుక్క పోయకూడదు. పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే పిల్ల దక్కదు. ఈ మాట దవాఖాన నర్సమ్మ మూడుసార్లు చెప్పి, పద్మజ చేత మూడుసార్లు చెప్పించుకుంది. పాలల్లో పలచటి రాగిజావ కలిపి, గుడ్డలో వడగట్టి, సిరంజిని పైకెత్తి పట్టుకుని పోస్తే అవే మెల్లగా దిగుతాయి. నాలుగు గంటలు దాటితే మాత్రం ఒంట్లో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, మెడ వాలిపోయి ఫిట్స్ వస్తాయి. పద్మజ ఒక్కసారి చూసింది. అప్పటినుంచి ఆమె ఎవరితో మాట్లాడుతున్నా చూపు గోడ గడియారం మీదే ఉండేది. పుణెలో సెంట్రింగ్ పనికి పోయిన మొగుడు నరేందర్ కిరాణా కొట్టుకు ఫోన్ చేసినప్పుడల్లా పాప తింటుందా అని అడిగేవాడు కాదు. "పాలు దిగుతున్నయా?" అని అడిగేవాడు.

శ్రావణంలో ముసురు పట్టి నాలుగో రోజు. ఊరి ముందరి వాగు పొంగింది, చేలల్లో పని లేదు. అయినా అలవాటుకొద్దీ తిమ్మమ్మ ఆకలిని ముడేసుకుని, మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఆరింటికి పాలు పోసిన పద్మజ వంటపనంతా తెముల్చుకుని వెనక దొడ్లో బట్టలు ఉతుకుతోంది. తేమకు పిల్ల చెంప మీది ప్లాస్టర్ ఊడిపోయి గొట్టం కొస వేలాడసాగింది. పిల్ల ఎక్కడ పీకేసుకుంటుందోనని తిమ్మమ్మకు గుబులు పుట్టింది. బీరువా తాళంచెవి గానీ, జ్వరం బిళ్ళ గానీ, బస్సు టికెట్టు గానీ పోకూడదనుకున్న ప్రతిదాన్నీ కొంగునే కట్టుకున్న మనిషి. ఆ గొట్టం కొసను కూడా కొంగు అంచులో చుట్టి చిన్న ముడేసింది. ఇప్పుడెలా పీకుతావే అని పిల్లను చూసి నవ్వింది కూడా.

అదే సమయానికి మేక తాడు తెంపుకుని పక్కింటి బీరపాదులో దూరింది. "హేయ్, దీని పాడుగాను!" అంటూ పిల్లను అరుగు మీద దించి తిమ్మమ్మ రెండంగలు వేసింది. కొంగు బిగుసుకుని, చటుక్కున వదులైంది. వెనక్కి తిరిగి చూస్తే గొట్టం మొత్తం కొంగుకు వేలాడుతోంది. పిల్ల ముక్కులోంచి నెత్తురు కారుతోంది.

సబ్బు చేతులతో పరుగెత్తుకొచ్చిన కోడలి ముందు తిమ్మమ్మ నెత్తి బాదుకుంది. "నేనే గుంజిన బిడ్డా! నా చేతులు ఇరిగిపోను, నేనే గుంజిన!"

పద్మజకు అత్తను తిట్టే తీరిక లేదు. గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. పెట్టెలోంచి రెండో గొట్టం తీసి, ముక్కు నుంచి చెవిదాకా, చెవి నుంచి పొట్టదాకా కొలిచి, నర్సమ్మ చెప్పినట్టే వేయబోయింది. మొదటిసారి పిల్ల దగ్గి దగ్గి పెదవులు నల్లబడ్డాయి. రెండోసారి వాచిన ముక్కులో గొట్టం దిగనే లేదు. మూడోసారి దిగింది. సిరంజితో లాగితే నీళ్ళు రాలేదు, వాసనా రాలేదు, ఉత్త గాలి వచ్చింది.

"లోపలికి పోయింది గద బిడ్డా, పోసెయ్ జర," అంది తిమ్మమ్మ.

"వద్దత్తమ్మా! అది యాడికి పోయిందో తెల్వదు. పోస్తే సస్తది!" పద్మజ ఆ గొట్టాన్నీ బయటికి లాగేసింది. ఇక నాలుగోసారి వేయడానికి ఆమెకు చేతులు రాలేదు.

ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు రామచంద్రయ్య కబురందుకుని గొడుగేసుకుని వచ్చాడు. గ్లూకోజ్ ఎక్కిద్దామని రెండు చేతులూ, రెండు కాళ్ళూ వెతికి నాలుగుచోట్ల పొడిచాడు. ఆ పిల్ల నరాలు దారాల్లా ఉన్నాయి.

"నాతోని కాదమ్మా. నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖానకు తీస్కపోవాలె," అన్నాడు.

"వాగెట్ల దాటాలె సార్? పొద్దటి బస్సే రాలె."

"పగటాల పన్నెండు దాక దిగేటట్టు లేదు. అందాక చెంపల లోపల చక్కెర రుద్దుకుంట ఉండు."

పద్మజ రుద్దుతూనే ఉంది. సగం చొంగతో బయటికే వచ్చింది. పది దాటింది. పిల్ల నుదుటి మీద చెమట మొదలైంది. తుడిచిన కొద్దీ పడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ తల్లిని చూడటం లేదు. పద్మజ మళ్ళీ చిటికెడు చక్కెర తీసి చెంపలో రుద్దింది. వాన ఆగు, వాగు దిగు అని లోపల్లోపల వేడుకుంటూ కూర్చుంది.

అప్పటిదాకా మూల కూర్చుని ఏడుస్తున్న తిమ్మమ్మ లేచి వచ్చి, నడుములోంచి ఆకలి కట్టిన కొంగు ముడి బయటికి తీసింది.

"దీని పొట్ట మీద ఇప్పుత," అంది.

రామచంద్రయ్య మందు సంగతి చెప్పినట్టే చెప్పాడు. "వేరేటోళ్ళ మీద ఇప్పితే అది వాళ్ళదైతది పెద్దమ్మా. మల్ల నీకు రాదు."

"నాకు తెల్వదా? అరవై ఏండ్లు తిన్న. సాలు."

పద్మజ అత్త చేయి పట్టుకుంది. "ఆగత్తమ్మా! నీది కరువుల పెరిగిన ఆకలి. ఇంత పిట్టంత పొట్టకు అది పడ్తదా? ఏమన్నైతే?" ఆర్‌ఎంపీ వైపు తిరిగి, "సార్, మీరన్న చెప్పుండ్రి" అంది.

"ఇప్పితే ఏమైతదో నాకు తెల్వదమ్మా. ఇంకో గంట గిట్లనే ఉంటే ఏమైతదో తెల్సు."

పద్మజ కూతురి చేయి పట్టుకుని చూసింది. చల్లగా ఉంది. ఆ చిన్న వేళ్ళు ఒక్కసారి జివ్వున వణికి ఆగాయి. ఆమె అత్త చేయి వదిలేసింది.

"ఇప్పత్తమ్మా," అంది.

ముసురుకు తడిసిన ముడి బిగుసుకుపోయి వేళ్ళకు లొంగలేదు. తిమ్మమ్మ పళ్ళతో లాగి వదులు చేసి, పిల్ల గౌను పైకెత్తి, పొట్ట మీద పెట్టి విప్పింది. కొంగులో ఏమీ కనబడలేదు. ముగ్గురూ పిల్ల మీదికి వంగారు. కాసేపటికి గుర్రుమని ఒక చప్పుడు వచ్చింది. అంత చిన్న పొట్టలోంచి వచ్చిందంటే నమ్మడం కష్టం.

సౌందర్య ముఖం ముడుచుకుంది. నోరంతా తెరిచి ఏడ్చింది. సూది ఏడుపు, జ్వరం ఏడుపు పద్మజకు బాగా తెలుసు. ఈ ఏడుపు మాత్రం ఆమె ఎన్నడూ వినలేదు. ఊళ్ళో ప్రతి ఇంట్లో ప్రతి పిల్లా ఏడ్చే మామూలు ఆకలి ఏడుపు అదని తెలియడానికి ఆమెకు కొంత సమయం పట్టింది.

చక్కెరపాలు చెంచాతో పెదవికి తాకించగానే పిల్ల ఆ చెంచాను కరిచి పట్టుకుంది. గుటక వేసింది. మళ్ళీ నోరు తెరిచింది. "మెల్లగ తల్లీ, మెల్లగ," అంటూనే పద్మజ తొందరలో సగం పాలు మెడ మీద పోసేస్తోంది. రామచంద్రయ్య ఒక్కో గుటకా పైకే లెక్కపెట్టాడు. ఇరవై మూడు దగ్గర లెక్క తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. గ్లాసెడు పాలు అయిపోయాక పిల్ల ఇంకేదో కావాలని గోల చేసి, వేలితో రొట్టెల గంప చూపించింది.

"అది నా ఆకలే. అది పాలకు ఆగుతదా?" అంది తిమ్మమ్మ, ఏడుపులోనే నవ్వుతూ. ఒక ముక్క పాలల్లో నానబెట్టి, మెత్తగా నలిపి పెట్టింది.

నెల తర్వాత హైదరాబాదులో తూకం చూస్తే ఏడుంబావు కిలోలు వచ్చింది. పొడుగు విషయంలో పెద్దగా ఆశ పెట్టుకోవద్దనీ, జబ్బు జబ్బేననీ డాక్టరు చెప్పాడు. గొట్టం మాత్రం ఇక అక్కర్లేదన్నాడు. తిండి ఎలా మొదలైందని అడిగితే, "మా అత్తమ్మ తన ఆకలిచ్చింది సార్," అంది పద్మజ. ఏ తారీకున ఇచ్చిందో అడిగి ఆయన ఫైల్లో రాసుకున్నాడు.

ఇంటి దగ్గర తిమ్మమ్మ చిక్కిపోతోంది. తినాలన్న సంగతి ఆమెకు తోచదు. కంచం ముందు పెడితే, ఇది ఎవరిది అన్నట్టు చూస్తుంది. బలవంతాన తిన్నా కడుపులో పట్టదు, వాంతి చేసుకుంటుంది. పద్మజ తిట్టింది, బతిమాలింది, ఒకరోజు పక్కన కూర్చుని ఏడ్చింది. చివరికి తానే ఒళ్ళో కంచం పెట్టుకుని కలిపి ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. తిమ్మమ్మ సిగ్గుపడుతూ నోరు తెరిచేది. ఒక పూట పప్పన్నం ముద్ద పెడితే నమిలింది. నములుతూ నములుతూ, తర్వాత ఏం చేయాలో మరిచిపోయి, బుగ్గన పెట్టుకుని వాకిట్లోకి చూస్తూ కూర్చుంది.

పక్కన తన రొట్టెముక్క చేత్తో పట్టుకుని తింటున్న సౌందర్య ఇది చూసింది. పాకుతూ వచ్చి, ఎంగిలి చేయి నాయనమ్మ గొంతు మీద పెట్టింది.

"మింగవ్వా," అంది.

తిమ్మమ్మ మింగింది.