సేకరించినవారి పేరు

మొదలుపెట్టినప్పుడు భావన చేతిలో ఉన్నవి ఒక ఫోను, ఒక బస్సు పాసు, మధ్యాహ్నం గిన్నెలు సర్దాక పాప స్కూలు నుంచి వచ్చేలోపు రెండు గంటలు. వాటినే పెట్టుబడిగా పెట్టి, ఫిల్మ్ నగర్ నుంచి రహమత్ నగర్ దాకా తిరిగి, ఒకప్పుడు పాటల్లో హీరోయిన్ వెనక ఆడిన ముప్ఫయ్యెనిమిది మంది గ్రూపు డాన్సర్ల మాటలు రికార్డు చేసింది. ఆరేళ్లు పట్టింది. విశ్వవిద్యాలయం లైబ్రరీ వాటిని తీసుకున్నప్పుడు, సేకరించినవారి పేరు దగ్గర భర్త రవిచంద్ర తన పేరు రాసుకున్నాడు.

"డైలాగ్ రైటర్ పేరుంటే బరువుగా ఉంటుంది. మాకు సీన్లు రాసే అసిస్టెంట్ల పేర్లు తెర మీద పడతాయా ఏంటి?" అన్నాడు. "మొగుడి పేరైతే ఏంటి, నీ పేరైతే ఏంటి, ఇల్లొకటే కదా" అంది అత్తగారు. అప్పుడు తాలింపు మాడిపోతుందని భావన బాణలి వైపే చూసింది.

ఈ ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూ అతను, "లైబ్రరీ వాళ్లు ఫారం పంపారు. రెండో గడిలో టిక్కు కొట్టి, సాయంత్రం ఐదింటిలోపు పంపెయ్" అన్నాడు. అతని ఫారాలన్నీ ఆమే నింపుతుంది కాబట్టి, చదివింది కూడా ఆమే. మొదటి గడి ఓపెన్ లైసెన్సు: ఎవరైనా వినొచ్చు, దించుకోవచ్చు, వాడుకోవచ్చు, సేకరించినవారి పేరు వేస్తే చాలు, ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోవడం లేదు. రెండో గడి: అనుమతి లేనిదే ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రికార్డింగులు తన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవని అతను బంజారా హిల్స్‌లో ఒక వెబ్ సిరీస్ నిర్మాతకు మాటిచ్చి ఉన్నాడు.

పదకొండింటికి లైబ్రరీ నుంచి మనోజ ఫోన్ చేసింది.

"మేడం, చిన్న డౌట్. అన్నీ విన్నాను. ప్రశ్నలడిగే గొంతు ఆడవాళ్లది, సార్‌ది ఎక్కడా లేదు. సంతకం రికార్డు చేసినవాళ్లే పెట్టాలి. ఎవరండీ ఆవిడ?"

"కనుక్కుని చెప్తానండి" అని పెట్టేసింది భావన. తన గొంతు ఎవరిదో తనే కనుక్కోవాలి. నేనే అంటే రవిచంద్ర అబద్ధం బయటపడుతుంది, నిర్మాత వెళ్లిపోతాడు, ఆ విసురంతా ఈ ఇంట్లోనే పడుతుంది. ఎవరో అసిస్టెంట్ అంటే ఈ పూట గడుస్తుంది. ఆ తర్వాత ఆ ఆడవాళ్ల బతుకుల్లో ఏ ముక్క ఎవరికి దక్కాలో అతనే తేలుస్తాడు. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది. అసలు అడగాల్సింది ఎవరినో అప్పుడు తట్టింది.

ఆ డాన్సర్లలో ఒకామె, బాలమణి, రెండో రింగుకే ఎత్తింది. భావన రెండు గడుల సంగతీ చెప్పింది.

"ఎవలన్న విననీ, ఎవలన్న వాడుకోనీ, నాకేంది ఫికర్? ముప్పై ఏండ్లు హీరోయిన్ల ఎనుక ఎగిరిన, ఒక్కనాడు నా పేరెయ్యలే. గీడన్న పడ్తదా?"

"పడుతుందమ్మా. అడిగినవాళ్ల పేరు కూడా."

"నీ పేరే గదా?"

"ఇప్పుడైతే అక్కడ మా సార్ పేరుందమ్మా... అంటే..."

"గట్ల నీళ్లు నములుతవేంది బిడ్డా? ఆ సారెవలో నాకెర్క లేదు. ఇంటికొచ్చింది నువ్వు, నా చాయ్ తాగి బాగలేదన్నది నువ్వు."

మిగతా వాళ్లందరికీ ఫోన్లు చేసింది. నలుగురు బతికి లేరు, వాళ్ల కూతుళ్లు సరేనన్నారు. ఇద్దరు వద్దన్నారు, వాళ్లవి తీసేయమని రాసింది. ఐదింటికి పది నిమిషాలుండగా మొదటి గడిలో టిక్కు కొట్టి, తన పేరు రాసి, సంతకం పెట్టి పంపింది.

ఏడింటికి రవిచంద్ర వచ్చాడు. ఆమే చెప్పింది.

"ఊరందరికీ పంచిపెట్టేశావు. ఇప్పుడు ఆ నిర్మాతకేం చెప్పను? ఇక నాకేం మిగిలింది?"

"మీరూ వాడుకోవచ్చండీ. నన్ను అడగక్కర్లేదు కూడా. నా పేరు వేస్తే చాలు."

ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. అదంతా పోగా మిగిలినవి: ముప్ఫయ్యారు గొంతులు, ప్రతి గొంతు పక్కన ఆ మనిషి పేరు, దాని కింద అడిగిన మనిషి పేరు.